మెటఫర్‌కి ఒక ఉదాహరణ

మాస్టారికి బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఎవరేం మాట్లాడినా ఆ మాటలో ఏ అలంకారం దాక్కుందో పట్టుకోకుండా ఉండలేడు. కిక్కిరిసిన బస్సులో కండక్టరు "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అని అరిస్తే, అది వెటకారం చేసే ఐరనీయా, గోరంతని కొండంత చేసే హైపర్బొలీయా అని తేల్చుకునేలోపు దిగాల్సిన స్టాపు దాటిపోయేది. పళ్ళ డాక్టరు పట్టకారు చేతబట్టి "కాస్త నొప్పిగా ఉంటుందంతే" అంటే, తెరిచిన నోటితోనే "అండర్‌స్టేట్‌మెంట్" అనబోయి నాలుక కోయించుకున్నంత పని చేశాడు. భార్య మాత్రం పెళ్ళయిన కొత్తల్లోనే జాగ్రత్తపడింది. ఇంట్లో అలంకారాల జోలికి పోకుండా "ఉప్పు అయిపోయింది, తీసుకురండి" లాంటి మాటలతోనే కాపురం నెట్టుకొస్తోంది.

ఆ జబ్బే అతనికి అన్నం పెడుతోంది కూడా. ఉద్యోగ పరీక్షలకు తయారుచేసే కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు చెబుతాడు. పరీక్షలో ఒక వాక్యం ఇచ్చి ఇది సిమిలీయా, మెటఫరా, హైపర్బొలీయా, ఐరనీయా అని అడుగుతారు, సరైనది గుర్తుపట్టాలి. గైడు పుస్తకాల్లో ఉండే ఉదాహరణలు చూస్తే సింహంలాంటి ధైర్యం, మంచులాంటి తెలుపు, అంతకు మించి ముందుకు పోవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ సింహాన్నీ ఆ మంచునీ వింటూ పిల్లలు కూర్చున్నచోటే కునుకు తీసేవారు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఏమీ తోచక, ముందురోజు తన అక్క అన్న మాట ఒకటి మాస్టారు బోర్డు మీద ఇంగ్లీషులో రాశాడు. "మా షాపావిడ నోరు కుట్టుమిషనురా, దారం తెగితే తప్ప ఆగదు." హాలు గొల్లుమంది. వెనక బెంచీలో నిద్రపోతున్నవాడు ఉలిక్కిపడి లేచి, ఏమైందని పక్కవాణ్ణి అడిగాడు. మెటఫర్ అంటే, అదే మన రూపకమంటే, ఏమిటో ఆ బ్యాచిలో ఇక ఎవరూ మర్చిపోలేదు. మాస్టారు ఆ నవ్వుని మర్చిపోలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అక్క అతనికంటే బాగా పెద్దది. అమ్మ పనికి వెళ్ళిపోతే అతన్ని చంకనేసుకుని తిప్పింది ఆవిడే. ఇప్పుడు కర్టెన్లు కుట్టే షాపులో పనిచేస్తోంది. కిటికీల కొలతలు తీసుకోవడం, బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరించడం, పైన మడతలు పెట్టి రింగులు బిగించడం, అడుగున అంచు మడిచి కుట్టడం, అన్నీ ఆవిడ చేతికి అలవాటే. ఇంగ్లీషు ముక్క రాదు. అయితేనేం, ఆవిడ నోట్లోంచి ఒక్క మాట తిన్నగా వచ్చేది కాదు. షాపు మూశాక ఇంటికి వెళ్ళే దారిలో తమ్ముడింట్లో ఆగి, టీ తాగి, ఆ రోజు ముచ్చట్లన్నీ ఏకరువు పెట్టి వెళ్ళేది.

"ఆ మూడో అంతస్తు మహాతల్లి ఎంత నిలకడైన మనిషిరా! పొద్దున నీలం అంది, మధ్యాహ్నం పచ్చ అంది, సాయంత్రానికి అసలు కర్టెన్లే వద్దంది" అనేది. మాస్టారు లోలోపల "ఐరనీ" అనుకుని దాచుకునేవాడు. మిషను సూది వేలి గోట్లోంచి దిగబడి, కట్టు కట్టించుకుని వచ్చిన రోజు కూడా "ఏం లేదురా, వేలికి ఒక కుట్టు ఎక్కువ పడింది" అంది. మాస్టారు వేలు చూడకముందే "అండర్‌స్టేట్‌మెంట్!" అని చప్పట్లు కొట్టాడు. అక్కా నవ్వింది. తన మాటలంటే తమ్ముడికి అంత ముద్దెందుకో ఆవిడకి తెలీదు. అవి మర్నాటికల్లా బోర్డెక్కుతాయని, ముక్కూ మొహం తెలియని పిల్లలు "మాస్టారి అక్క ఇవాళేమంది?" అని ఎదురుచూస్తారని అసలే తెలీదు. అతను చెప్పలేదు. చెబితే జాగ్రత్తగా మాట్లాడుతుందేమోనని భయం. తోడబుట్టినదాని మాటే కదా, వాడుకుంటే తప్పేముంది అనుకున్నాడు. అడగకుండా తీసుకున్నదాన్ని ఏమంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఇంగ్లీషు మాస్టారికి తెలియకపోవడమే విడ్డూరం.

ఒక సాయంత్రం అక్క వచ్చింది గానీ ముచ్చట్లు మొదలుపెట్టలేదు. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఊరికే కూర్చుంది. బావ సంగతి కాస్త చెప్పాలి. చెడ్డవాడేం కాదు. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. ఇళ్ళిళ్ళూ తిరిగి నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్నాడంటే నోట్లో బెల్లంముక్క ఉన్నట్టే, ఇక మాట్లాడడు. ఈ మధ్య అతని చెల్లెలు పిల్లలతో సహా వచ్చి అక్కడే మకాం పెట్టింది. షాపులో చాకిరీ, ఇంట్లో చాకిరీ, మధ్యలో పలకరించే దిక్కు లేదు.

"ఆ ఇంట్లో నేను కుర్చీనిరా" అంది అక్క. "కావాల్సినప్పుడు లాక్కుంటారు, పనయ్యాక గోడకి నెట్టేస్తారు. నువ్వు బాగున్నావా అని కుర్చీని ఎవరైనా అడుగుతారా?"

మాస్టారి కళ్ళు మెరిశాయి. "అక్కా! మెటఫర్, దాని మీద మళ్ళీ రెటోరికల్ క్వశ్చన్! రెండూ ఒక్క గుక్కలో! జవాబు అక్కర్లేని ప్రశ్న అంటే ఇదే కదా!"

అక్క అతని మొహంలోకి చూసింది. "నచ్చిందా?"

"నచ్చడమేమిటి, అదిరిపోయింది."

అక్క కప్పు కింద పెట్టింది. "పైగది ఖాళీగానే ఉందా?" అని అడిగింది.

"ఆఁ, ఖాళీయే. పాత పుస్తకాలు పడేశాం అందులో" అన్నాడు మాస్టారు. 'లాక్కుంటారు' అన్నదాన్ని ఇంగ్లీషులో ఎలా చెబితే బాగుంటుందా అని అప్పటికే తర్జనభర్జన పడుతున్నాడు. అక్క ఇంకో మాట వస్తుందేమోనని ఆగినట్టు ఆగింది. తర్వాత చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గేటు చప్పుడు వినబడగానే భార్య వంటింట్లోంచి వచ్చింది. "వదిన పైగది కోసం వచ్చిందండీ. ఉండడానికి చోటడుగుతోంది. అర్థం కాలేదా మీకు?"

"కావాలంటే అడుగుతుందిగా. నా దగ్గర మొహమాటమేమిటి అక్కకి?"

"అడిగింది కదండీ ఇప్పుడు!"

"సరే, రేపు వస్తుందిగా, నేనే కదిపి చూస్తాలే" అన్నాడు.

మర్నాడు అక్క రానే వచ్చింది. కానీ ఆ రోజు మాస్టారు నేల మీద లేడు. సెంటరు డైరెక్టరు పిలిచి, పాఠాలన్నీ వీడియోలు తీసి ఫోన్లలో పెడతామని, మొదటి పాఠం మాస్టారి అలంకారాలదేనని చెప్పాడు. అక్క టీ తాగినంతసేపూ మాస్టారు కెమెరా గురించి, లైట్ల గురించి, ఏ చొక్కా వేసుకోవాలన్నదాని గురించి చెప్పాడు. "బాగా చెప్పు" అని దీవించి వెళ్ళింది ఆవిడ. భార్య గడపలో నిలబడి కళ్ళురిమింది గానీ, అతను ఆ చూపు చొక్కా గురించే అనుకున్నాడు.

వీడియో రోజున హాలు నిండిపోయింది. "మీ అక్కగారి ఉదాహరణలు గట్టిగా పడాలి మాస్టారూ" అన్నాడు డైరెక్టరు. పడ్డాయి. కుట్టుమిషను, నిలకడైన మహాతల్లి, వేలికి పడ్డ ఎక్కువ కుట్టు, ఒక్కోదానికీ నవ్వుల జల్లు. చివరికి మాస్టారు ఓ మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని ముందుకి లాగి, "కర్టెన్లు కుట్టే మా అక్క ఇదిగో, చూడండి" అన్నాడు. దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, లేని టీవీ వైపు నోరు తెరుచుకుని చూస్తూ, "మా బావ" అన్నాడు. హాలు పగలబడి నవ్వింది. తర్వాత లేచి, కుర్చీని కాలితో గోడకి తన్ని, అక్క గొంతు తెచ్చిపెట్టుకుని, "నువ్వు బాగున్నావా అని కుర్చీని ఎవరైనా అడుగుతారా?" అన్నాడు.

"అడగరు!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

అంతకంటే మంచి పాఠం అతను ఎన్నడూ చెప్పలేదు. డైరెక్టరు భుజం తట్టాడు. వీడియో చేతులు మారి ఎక్కడెక్కడికో పోయింది. కూరగాయల కొట్టు దగ్గర ఒక కుర్రాడు "మీరు కుర్చీ మాస్టారు కదూ?" అని అడిగితే మాస్టారు కూరగాయలు కొట్లోనే మర్చిపోయి ఇంటికొచ్చాడు.

అక్క రావడం మానేసింది. షాపులో పని ఎక్కువైందేమో అనుకున్నాడు. భార్య ఫోన్ చేస్తే ఎత్తలేదు. "వెళ్ళి చూసి రండి" అని ఆవిడ పోరుతూనే ఉంది. మాస్టారు రేపు, ఎల్లుండి అంటూ దాటేశాడు. లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది, ఆ ముల్లుని కదపడానికి ధైర్యం చాల్లేదు.

ఓ రోజు క్లాసయ్యి దిగుతుంటే మెట్ల కింద బావ నిలబడి ఉన్నాడు. మీటర్లు చూసే సంచీ భుజానే ఉంది.

"మీ అక్కని ఓసారి పిలుస్తావా?" అన్నాడు బావ. "ఇంటికి రమ్మని అడగను. మాట్లాడాలి, అంతే."

"అక్కనా? ఎక్కడినుంచి పిలవను?"

"నీ దగ్గర లేదా?" బావ మొహం పాలిపోయింది. "బట్టలు సర్దుకుని వెళ్ళిపోయి చాలా రోజులైంది. ఇంకెక్కడికి పోతుంది, నీ దగ్గరకే వచ్చిందనుకున్నాను."

కష్టం వస్తే అక్క తన దగ్గరకే వస్తుందని బావకి సైతం నమ్మకం. ఆవిడ రాలేదు.

బావ సంచీ పట్టీ సర్దుకున్నాడు. "నీ పాఠం చూశాను. నేను అలాగే కూర్చుంటాను, నిజమే. మనిషి లోపల ఇంత ఉందని నాకు తెలీదు. నాతో ఎప్పుడూ అనలేదు. నీతో అంది. అంతమందికి చెప్పావు. నా ఒక్కడికి చెప్పలేకపోయావా?"

ఆ ప్రశ్నకి జవాబు కావాలి. బావ జవాబు కోసమే నిలబడ్డాడు కూడా. ఎంతసేపటికీ రాకపోయేసరికి, "సరేలే, తెలిస్తే చెప్పు" అని వెళ్ళిపోయాడు.

మాస్టారు తిన్నగా కర్టెన్ల షాపుకి పోయాడు. మనిషి ఎత్తు గుడ్డ చుట్టలు, వాటి వెనక కత్తిరించే బల్ల, దాని వెనక వరసగా మిషన్లు. అక్క మిషను దగ్గర ఎవరూ లేరు. షాపావిడ అతన్ని ఎగాదిగా చూసి, "నా నోరు కుట్టుమిషనట కదా?" అంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"దానికి నాకేం కోపం రాలేదులెండి, ఉన్నమాటేగా. మా అంచులు కుట్టే అమ్మాయి పరీక్షలకి చదువుతోంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు మీ పాఠం పెట్టింది. ఇదేంటి, ఇవన్నీ మన అక్క మాటలే అని అందరం చుట్టూ మూగాం. ఆవిడా వచ్చి నిలబడింది. మొదట్లో ఆవిడా నవ్వింది. 'మా తమ్ముడు' అని చూపించుకుంది కూడా." షాపావిడ గొంతు తగ్గించింది. "ఆ కుర్చీ దగ్గరికొచ్చాక మేం నవ్వుతూనే ఉన్నాం. నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ మొహం చూశాం. మిషను దగ్గర కూర్చుని, పట్టుకున్న కర్టెన్ పూర్తి చేసి, దారం తెంపి, ఆ పూటకి వెళ్ళిపోయింది."

"ఇప్పుడెక్కడుంది?"

"వెనక సందులో మందుల షాపు మీద గది తీసుకుంది. ఇవాళ సెలవు. మెట్లు సందులోంచి ఉంటాయి."

"ఎవరికీ చెప్పొద్దనలేదా?"

"అనలేదు. అడగడానికి ఎవరూ రారనుకుందేమో."

సందులోకి తిరిగేసరికి మాస్టారి తలలో క్షమాపణ తయారైపోయింది. తలుపు తీసిన అక్క "రా" అంది. చిన్న గది. ఒక మంచం, ఒక స్టవ్వు, కిటికీకి షాపులో మిగిలిన ముక్కలతో కుట్టిన కర్టెన్. మాస్టారు నిలబడే మొదలుపెట్టాడు.

"అక్కా, నీ ముందు నిలబడే మొహం లేదు నాకు. నీ నమ్మకాన్ని తుంచాను, నీ మాటని అమ్మాను, నీ కన్నీటిని నవ్వులపాలు చేశాను. చంకన మోసిన చేతికి ముల్లునై గుచ్చుకున్నాను. ఏ నోటితో నిన్ను క్షమించమనను? ఏ నోటితో..."

అక్క పూర్తిగా వింది. "అయిందా? టీ పెడతాను, కూర్చో" అంది.

అప్పుడు తన మాటలు అతనికి వినబడ్డాయి, అన్నీ అలంకారాలే. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మంచం అంచున కూర్చున్నాడు. "తప్పు చేశానక్కా" అన్నాడు.

"అవును" అంది అక్క, స్టవ్వు వెలిగిస్తూ.

"పైగది ఖాళీ చేయిస్తాను. ఇవాళే. వచ్చెయ్."

"రాను."

"కోపమా?"

"కోపం కాదురా." అక్క టీ గ్లాసు అతని చేతికిచ్చి గోడవార కింద కూర్చుంది. "నేను నీ దగ్గర అలా మాట్లాడేదాన్ని ఎందుకో తెలుసా? తిన్నగా చెబితే ఏడుపొచ్చేది. అలా తిప్పి చెబితే నవ్వుతూ చెప్పగలిగేదాన్ని. చదువుకున్నవాడివి, లోపలున్నది నీకు తెలుస్తుందనుకున్నాను. నువ్వేమో పైనున్నదాన్నే చూసి చప్పట్లు కొట్టేవాడివి. అదీ బాగానే ఉండేది. కనీసం వీడైనా వింటున్నాడనుకునేదాన్ని."

"ఇకమీదట వింటాను."

"వింటావు. నేను మాట్లాడలేను. నీ ఇంట్లో ఉంటే నోరు విప్పినప్పుడల్లా భయం నాకు. అలా ఎలా ఉండనురా?"

మాస్టారికి కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు. "బావ వచ్చాడు. నీతో మాట్లాడాలట. నువ్వు ఇక్కడున్నావని చెప్పనా?"

అక్క కాస్త ఆశ్చర్యపోయింది. "తనంతట తనే వచ్చాడా? చెప్పు. మాట్లాడాలని ఉంటే రమ్మను."

"నేనూ వస్తూ ఉండనా?"

"రా. రావద్దని ఎందుకంటాను? తమ్ముడివి." ఆ తర్వాత అక్క అడగాల్సినవన్నీ అడిగింది. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా, క్లాసులు ఎలా ఉన్నాయి, తింటున్నావా. అతను అడిగినవాటికి జవాబులూ చెప్పింది. గది బాగుంది. నీళ్ళు రోజూ వస్తాయి. షాపు దగ్గరే. అన్నీ పొట్టి మాటలు. ప్రతిదానికీ ఒక్కటే అర్థం. మాస్టారు ఆ మాటల్లో అక్కని వెతుక్కున్నాడు, దొరకలేదు. ఉప్పు అయిపోయింది, తీసుకురండి అనే భార్య మాటల్లోనైనా ఇంతకంటే చనువుంది.

పక్కగదిలో ఉండే నర్సు తలుపు తోసుకుని వచ్చింది. ఆవిడ గదిలో కర్టెన్ బిగించడానికి సాయం చేస్తానందట అక్క. "మా తమ్ముడు" అని పరిచయం చేసింది. మాస్టారు లేచి, వెళ్ళొస్తానని చెప్పి బయటపడ్డాడు. అక్క తలుపు దగ్గరగా వేసుకుంది.

నాలుగు మెట్లు దిగాడో లేదో, లోపలినుంచి అక్క గొంతు వినబడింది.

"నీ కిటికీ ఏమిటమ్మా అలా ఉంది? మొన్న కొలుద్దామని టేపు తీస్తే సిగ్గుపడి గోడలోకి నక్కింది. దీనికి కర్టెన్ ఎందుకు, జేబురుమాలు కడితే చాలు! నా గది మాత్రం తక్కువా? నేను తుమ్మితే నువ్వు మొహం కడుక్కోవాలి."

నర్సు పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వింది. గుండెల్లోంచి వచ్చే ఆ నవ్వు మాస్టారు విని ఎన్నాళ్ళో అయింది. సిగ్గుపడిన కిటికీకి పర్సానిఫికేషన్, జేబురుమాలుకి హైపర్బొలీ, పేర్లు వాటంతటవే నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. ఒక్కటీ పలకలేదు. ఆ పేర్ల మీద అతనికి మొదటిసారి అసహ్యం వేసింది.

"ఏంటక్కా, ఇంత చిక్కిపోయావు? సరిగ్గా తింటున్నావా?" అని అడుగుతోంది నర్సు లోపల. అక్క నవ్వు ఆగింది. చిన్నగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నర్సు మధ్యలో అడ్డు రావడం లేదు. "ఊఁ" అంటోంది, మళ్ళీ "ఊఁ" అంటోంది, అంతే.

మళ్ళీ పైకి వెళ్ళి తలుపు తడితే అక్క తీస్తుంది. కూర్చోమంటుంది. టీ కూడా ఇస్తుంది. కానీ లోపల చెప్పుకుంటున్న ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకని మాస్టారు ఆ మెట్టు మీదే నిలబడిపోయాడు, అక్క తన కష్టం ఇంకెవరికో చెప్పుకుంటుంటే వింటూ.